గ్రామనామముల పండితుడు జాన్ ఓ డోనవన్

ప్రతి గ్రామమునకును ఒక పేరు గలదు. ఆ గ్రామమున పుట్టి పెరిగినవారు దినమునకు ఎన్నిసారులో ఆ పేరు నుచ్చరింతురు. కాని అది ఎట్లేర్పడినదో, దాని అర్థమేమో ఆలోచించువారు మిక్కిలి తక్కువ. ఒకప్పుడు అచట నుండిన అడవియో, మడుగో, కోటయో, ఒక మహాత్ముని ఆశ్రమమో ఆ పేరునకు కారణమై యుండును. అడవి నరకబడును, మడుగు పూడిపోవును, కోట కూలిపోవును. పేరు మాత్రము నిలిచి, పోయినదానికి సాక్ష్యము చెప్పుచుండును. అట్టి సాక్ష్యములను వేలకొలది సేకరించి, అవి మాసిపోకుండ కాపాడిన పండితుడొకడు పంతొమ్మిదవ శతాబ్దమున ఐర్లండు దేశమందు జీవించెను. ఆయన పేరు జాన్ ఓ డోనవన్.

ఐర్లండు ఇంగ్లండునకు పడమటి దిక్కున సముద్రమధ్యమున నున్న ద్వీపము. ఆ దేశపు ప్రాచీన భాష గేలిక్. ఆంగ్లేయుల పాలన స్థిరపడిన పిమ్మట న్యాయస్థానములందును, కచేరీలందును ఆంగ్లమే చెల్లుబడి యయ్యెను. గేలిక్ భాష పల్లెలలో, ముఖ్యముగా పడమటి తీరపు బీదరైతుల యిండ్లలో నిలిచియుండెను. చదువుకొని పైకి రాదలచినవారు దానిని విడిచి ఆంగ్లమునే ఆశ్రయించుచుండిరి. కాని ఊళ్లకును, కొండలకును, ఏళ్లకును గల పేర్లలో అధికభాగము ఆ ప్రాచీన భాషలోనివే. మాటలాడు భాష ఒకటి, ఊరి పేరు మరియొక భాషలోనిది. ఇట్టి స్థితి ఆ దేశమందు నానాటికి వ్యాపించుచుండెను.

ఓ డోనవన్ 1806వ సంవత్సరమున ఐర్లండు ఆగ్నేయభాగమునందలి కిల్కెన్నీ కౌంటీలో, ఆటటీమోర్ అను చిన్న గ్రామమున ఒక రైతు కుటుంబమునందు జన్మించెను. 1817లో, బాలునకు పదునొకండేండ్ల ప్రాయమున, తండ్రి మరణించెను. ఆ బాలునకు పూర్వకథలయందు అభిరుచి కలుగజేసినవాడు ఆయన పినతండ్రి ప్యాట్రిక్. దేశపు పాతవృత్తాంతములు, వంశముల పుట్టుపూర్వోత్తరములు ఆ వృద్ధునకు కంఠస్థములు. పొయ్యి చెంత కూర్చుండి ఆయన చెప్పిన ముచ్చటలు బాలుని మనస్సున గాఢముగ నాటుకొనెను. ఓ డోనవన్ గేలిక్ భాషను తల్లిపాలతోనే నేర్చుకొన్నవాడు. పాఠశాలలలో ఆంగ్లమును, లాటిన్ భాషను అభ్యసించెను. ఇంటి విద్యయు, బడి విద్యయు ఒకదాని కొకటి తోడై ఆయన భావిజీవితమునకు పునాది వేసెను.

1823వ సంవత్సరమున ఆయన రాజధానియగు డబ్లిన్ నగరము చేరి, తన యన్న చెంత నివసించుచు చదువు కొనసాగించెను. మతగురువు కావలెనని కొంతకాలము తలచెను గాని, ఆ మార్గము తనకు తగదని విరమించుకొనెను. అప్పుడు జేమ్స్ హార్డిమన్ అను చరిత్రకారుడు ఆయనకు ప్రాతపత్రములను, గేలిక్ వ్రాతప్రతులను చూచి నకలు వ్రాయు పని నిచ్చెను. జీతము కొద్దిపాటిదే. అయినను ఆ పనివలన ఆయనకు వందలయేండ్లనాటి లిపులు, పదములు, వ్యాకరణరూపములు సుపరిచితములయ్యెను. పినతండ్రి నోట విన్న భాషకు మూలములు ఆ చినిగిన తోలుపుటలయందు కానవచ్చెను.

ఆ కాలముననే ఐర్లండులో ఒక బృహత్కార్యము సాగుచుండెను. అచటి గ్రామములు ‘టౌన్‌లాండు’లను చిన్న చిన్న భాగములుగ విభజింపబడియుండెను. దేశమంతట అట్టివి 60,000కు పైగా గలవు. భూమిపై విధించు స్థానికపు పన్ను ఈ భాగములనుబట్టియే నిర్ణయింపబడుచుండెను. కాని ఏ భాగము ఎంత విస్తీర్ణము గలదో సరిగా తెలియనందున, ఒకచోట పన్ను అధికముగను, ఒకచోట స్వల్పముగను పడుచుండెను. ఈ లోపమును సవరించుటకై 1824లో దేశమంతయు కొలిచి పటములు సిద్ధపరచవలెనని ప్రభుత్వము నిశ్చయించెను. సైన్యపు ఇంజనీర్లు కర్నల్ థామస్ కోల్బీ ఆధ్వర్యమున ఆ పనికి పూనుకొనిరి. భూమిపై ఒక మైలు దూరము పటముపై ఆరు అంగుళములుగ కనబడవలెనని నియమము. ఇంత సూక్ష్మముగ ఒక దేశమంతయు పటముల కెక్కుట అదివరలో అరుదైన విషయము.

కొలతలకు పరికరములు గలవు. పేర్లకు పరికరము లేదు. కొలతకు వచ్చిన సిపాయిలలో అనేకులు గేలిక్ భాష నెరుగరు. వారు విన్న పేరును తమకు తోచినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనుచుండిరి. ఒకే ఊరి పేరు భూస్వామి పత్రములో ఒక తీరుగను, పన్నుల జాబితాలో వేరొక తీరుగను, పూర్వపు పటములో ఇంకొక తీరుగను కానవచ్చుచుండెను. పటములు రాగిరేకులపై చెక్కబడును. ఒకసారి చెక్కిన పిదప ఆ పేరే ప్రభుత్వపు పేరగును. న్యాయస్థానములును, తపాలాయు, పాఠశాలలును దానినే వాడుక చేయును. తప్పు వ్రాసినచో ఆ తప్పే శాశ్వతమగును. పేరులో దాగిన అర్థము దానితోనే సమాధియగును. ఈ ప్రమాదమును గుర్తించినవాడు థామస్ లార్కమ్ అను యువసైనికాధికారి. డబ్లిన్ ఫీనిక్స్ ఉద్యానవనమునందలి కార్యాలయమున సర్వే పనులను నడపుచుండిన అతడు, స్థలనామములను గ్రహింపవలెనన్న గేలిక్ నేర్వవలెనని తలచి, ఒక యువకుని వద్ద పాఠములు చెప్పించుకొనెను. ఆ యువకుడే ఓ డోనవన్.

సర్వే కార్యాలయమున పేర్లు పరిశీలించుచుండిన ఎడ్వర్డ్ ఓ రైలీ అను పండితుడు మరణింపగా, 1830లో ఆ స్థానమునకు లార్కమ్ తన గురువును పిలిపించెను. అప్పటికి ఓ డోనవన్ వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఒక్కొక్క పారిష్‌కు ఒక్కొక్క పేర్ల పుస్తకము ఏర్పాటు చేయబడెను. అందు ఒక వరుసలో వాడుకలోనున్న పేరు, మరియొక వరుసలో ఆ పేరునకు గల వివిధరూపములు, అవి యేయే పత్రములనుండి గ్రహింపబడినవో ఆ వివరములు, స్థలవర్ణనము వ్రాయబడుచుండెను. వానినన్నిటిని పోల్చి మూలమైన గేలిక్ రూపమును, దాని యర్థమును నిర్ణయించి, పటముపై చెక్కదగిన వర్ణక్రమమును సూచించుట ఓ డోనవన్ పని.

మొదటి మూడు నాలుగేండ్లు ఆయన కార్యాలయమున కూర్చుండియే ఈ పని చేసెను. కాని కూర్చున్నచోట తేలని చిక్కులు అనేకములు గలవని ఆయనకు త్వరలోనే తెలియవచ్చెను. ఒక్క యుదాహరణము చాలును. ఆ దేశమున ‘కిల్’ అను శబ్దముతో ఆరంభమగు ఊళ్ల పేర్లు వందలకొలది గలవు. గేలిక్ భాషలో చర్చికి ఒక పదమును, అడవికి వేరొక పదమును గలవు. అవి వేరువేరు పదములే యైనను ఆంగ్లాక్షరములలో వ్రాసినప్పుడు రెండును ‘కిల్’ అనియే మారుచుండెను. ‘కిల్‌మోర్’ అనగా పెద్ద చర్చియా, పెద్ద అడవియా? కాగితముపై చూచి చెప్పుట యసాధ్యము. ఊరికి పోయి, అచటి వృద్ధుడు ఆ పేరును పలుకగా వినవలెను. పాడుపడిన చర్చి గోడలుగాని, పాత శ్మశానముగాని అచట గలవేమో కన్నులార చూడవలెను. ప్రాచీనగ్రంథములలో ఆ ఊరి ప్రస్తావన వెదకవలెను. చెవి, కన్ను, గ్రంథము అను మూడును ఏకమైనప్పుడే నిర్ణయము నమ్మదగినది. ఆయన పరిశోధనకు ఇదియే సూత్రము.

కావున 1834వ సంవత్సరమున ఆయన డౌన్ కౌంటీతో క్షేత్రసంచారము నారంభించెను. ఆ ప్రాంతమున గేలిక్ మాటలాడువారు అప్పటికే కొలదిమంది మాత్రమే మిగిలియుండిరి. ఏ ఊరిలో ఆ భాష తెలిసిన ముదుసలి గలడో విచారించుకొని, మైళ్ల కొలది నడచిపోయి, అతని కలిసికొనవలసి వచ్చుచుండెను. దక్షిణదేశపువాడగు ఆయనకు ఉత్తరభాగమునందలి ఉచ్చారణ భేదములు మొదట క్రొత్తగా తోచెను. వానినిగూడ శ్రద్ధతో గుర్తించుకొనెను. ఒక్కొక్క వృద్ధుని యెదుట కూర్చుండి, ఊరి పేరు, పొలము పేరు, బావి పేరు వరుసగ పలికించి, విన్నది విన్నట్లు వ్రాసికొనుచుండెను. చదువెరుగని రైతు పలికిన పలుకు, పండితుడు వ్రాసిన పలుకుకన్న మూలమునకు సన్నిహితముగ నుండుట ఆయనకు పెక్కుసారులు అనుభవమయ్యెను.

ఇట్లు పేర్ల అర్థములు ఒక్కొక్కటిగ వెలువడుచుండెను. ‘డెర్రీ’ అనగా సిందూరవృక్షముల తోపు. ఒక్క చెట్టైనను లేని బయలునకు ఆ పేరున్నచో, ఒకప్పుడు అచట తోపుండెనని గ్రహింపవచ్చును. ‘డ్రమ్’ అనగా మిట్ట. ‘నాక్’ అనగా కొండ. ‘బాలీ’ అనగా ఊరు. కిల్డేర్ అనగా సిందూరవృక్షపు చర్చి. రాజధానియగు డబ్లిన్ పేరునకు నల్లని మడుగు అని యర్థము. గ్లెండలాక్ అనగా రెండు సరస్సుల లోయ. అర్థము తెలిసినంతనే అక్షరములవలె కానవచ్చిన పేరు ఒక దృశ్యమై కన్నులయెదుట నిలుచును.

ఈ సంచారము సుఖప్రయాణము కాదు. వానలు, బురదనేలలు, తడిసిన దుస్తులు, చాలీచాలని జీతము ఆయనకు నిత్యానుభవములు. 1839వ సంవత్సరము జనవరి మాసమున ఆయన సహచరునితో కూడ మంచులో నడచి గ్లెండలాక్ లోయను చేరెను. 6వ తేదీ రాత్రి ఐర్లండునంతను ఒక ప్రచండవాయువు ముంచెత్తెను. ఆ దేశపు చరిత్రలో అది పెనుగాలి రాత్రిగా ప్రసిద్ధి కెక్కినది. కొండల నడుమ వారు బస చేసిన గృహము ఆ గాలికి కంపించిపోయెను. ఆ రాత్రి వారికి నిద్ర లేదు. మరునాడు ఆయన కలము చేతబట్టి, ఆ తుఫాను వృత్తాంతమును, లోయయందలి శిథిలముల వివరములను కార్యాలయమునకు వ్రాసి పంపెను. ఇట్లు దాదాపు ప్రతిదినము ఎచటనుండియైనను ఒక లేఖ వ్రాయుట ఆయనకు నియమము. ఆ లేఖలయందు పేర్ల చర్చలే గాక, శిథిలాలయములు, వంశకథలు, గ్రామస్థుల ఆచారములు, మధ్య మధ్య తన కష్టములు, హాస్యోక్తులు గూడ గలవు.

ఆయన ఒంటరివాడు కాడు. డబ్లిన్‌లో చిత్రకారుడును పురాతత్త్వజ్ఞుడును అగు జార్జి పెట్రీ నాయకత్వమున ఒక చిన్న పండితబృందము పనిచేయుచుండెను. యూజీన్ ఓ కర్రీ అను గేలిక్ విద్వాంసుడును, జేమ్స్ క్లారెన్స్ మాంగన్ అను కవియు అందులోనివారే. ఓ డోనవన్ ఏ కౌంటీకి పోవునో ఆ కౌంటీకి సంబంధించిన భాగములను వారు ప్రాచీనగ్రంథములనుండి వెదకి, నకలు వ్రాసి ఆయనకు పంపుచుండిరి. ఓ డోనవన్, ఓ కర్రీ అక్కచెల్లెండ్రను వివాహమాడి తోడల్లుండ్రైరి. విద్యయందును జీవితాంతము తోడుగ నిలిచిరి.

ఇచట ఒక విషయము గమనింపదగినది. ఇంత శ్రమచేసి కనుగొన్న గేలిక్ రూపములు పటముల కెక్కలేదు. ప్రభుత్వపు నియమమునుబట్టి పటముపై ఆంగ్లవర్ణక్రమమే చెక్కబడవలెను. గేలిక్ ఉచ్చారణకు అన్నిటికన్న దగ్గరగ నున్న రూపమును ఎన్నుకొనుట మాత్రమే ఓ డోనవన్ చేయగలిగిన పని. తన మాతృభాషలోని పేర్లకు పరాయి వేషము వేయు కార్యము తన చేతిమీదుగనే జరుగవలసి వచ్చెను. ఈ విషయమై తరువాతి తరములవారు కొందరు ఆ సర్వేను విమర్శించిరి. కాని ఓ డోనవన్ పటముపై వ్రాయ వీలుగాని దానిని పేర్ల పుస్తకములలో వ్రాసిపెట్టెను. పటము లోకమునకు శబ్దమును చూపెను. పుస్తకము అర్థమును దాచియుంచెను.

కొంతకాలమునకు ప్రభుత్వమునకు ఈ పరిశోధన వ్యయము భారముగ తోచెను. పటములతోపాటు ప్రతి పారిష్ చరిత్రమును ప్రకటింపవలెనని లార్కమ్ తలచియుండెను. 1837లో డెర్రీ ప్రాంతమునందలి టెంపుల్‌మోర్ పారిష్‌ను గురించిన గ్రంథము మాత్రము వెలువడెను. పిమ్మట ఆ యత్నము ఆగిపోయెను. 1842లో పండితుల విభాగమే మూయబడెను. అయినను అప్పటికి ఓ డోనవన్ దేశములో అధికభాగము తిరిగి ముగించియుండెను. 1846 నాటికి పటములన్నియు వెలువడెను.

పని పూర్తియైన కాలము నెన్నినచో ఆశ్చర్యము కలుగును. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకెను. బీదలకు అదియే ముఖ్యాహారమగుటచే ఘోరమైన క్షామము సంభవించి కొన్నియేండ్లపాటు కొనసాగెను. దాదాపు 10 లక్షలమంది ఆకలిచేతను, రోగములచేతను మరణించిరి. లక్షలకొలది జనులు ఓడలెక్కి పరదేశములకు పోయిరి. 1841లో 81 లక్షలకు పైగా నుండిన జనసంఖ్య 1851 నాటికి 65 లక్షలకు దిగిపోయెను. క్షామము మిక్కిలి క్రూరముగ తాకినది గేలిక్ మాటలాడు పడమటి పల్లెలనే. ఎన్నియో ఊళ్లు జనశూన్యములయ్యెను. ఓ డోనవన్ ఎవరి యెదుట కూర్చుండి పేర్లు వ్రాసికొనెనో, ఆ తరమువారే ఈ విపత్తునకు గురియైరి. ఆయన పదియేండ్లు ఆలస్యముగ బయలుదేరియున్నచో అడుగుటకు మనుష్యులు లేక, అనేకనామముల యర్థములు శాశ్వతముగ మరుగుపడియుండెడివి.

సర్వే ఉద్యోగము ముగిసినను ఆయన విశ్రమింపలేదు. 1845లో గేలిక్ వ్యాకరణమును ప్రకటించెను. న్యాయశాస్త్రము చదివి 1847లో న్యాయవాదిగ పట్టము పొందెను. ఆయన కృతులలో తలమానికమైనది ఐర్లండు రాజ్యవృత్తాంతముల సంపాదనము. 1632 మొదలు 1636 వరకు డొనెగాల్ ప్రాంతమున మైకేల్ ఓ క్లెరీ అను సన్న్యాసి తన సహాయులతో కూడి దేశచరిత్రమును సంవత్సరక్రమమున సంకలనము చేసెను. ఆ మహాగ్రంథమును ఓ డోనవన్ మూలముతోను, ఆంగ్లానువాదముతోను, విపులమైన వివరణములతోను 1848 నుండి 1851 వరకు ఏడు సంపుటములుగ, 4,000 పుటలకు పైగా వెలువరించెను. అందు పేర్కొనబడిన యుద్ధభూములు, ఆశ్రమములు, కోటలు నేడు ఎచ్చటనున్నవో ఆయన వివరణములలో చూపెను. ఆ ప్రదేశములలో పెక్కింటిని ఆయన స్వయముగ కాలినడకన చూచియుండెను గదా! పల్లెలలో తిరిగిన శ్రమ గ్రంథమున ఫలించెను.

విద్వల్లోకము ఆయనను గౌరవించెను. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల ఆయనకు డాక్టరు బిరుదము నొసగెను. జానపదకథల సేకరణచే జగద్విఖ్యాతుడైన జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్ సిఫారసుపై బెర్లిన్ విద్వత్పరిషత్తు ఆయనను సభ్యునిగ నెన్నుకొనెను. కాని గౌరవముతోపాటు ధనము రాలేదు. బెల్‌ఫాస్టు కళాశాలలో ఆయన కెల్టిక్ భాషలకు ఆచార్యుడుగ నియమింపబడెను; ఆ భాష నేర్వవచ్చు విద్యార్థులే కరవైరి. పెద్ద కుటుంబమును పోషించుటకై ఆయన చివరివరకును రాత్రింబగళ్లు శ్రమింపవలసివచ్చెను. 1852 తరువాత ఓ కర్రీతో కూడి ఐర్లండు ప్రాచీన ధర్మశాస్త్రములను నకలు వ్రాసి అనువదించు పనిలో నిమగ్నుడయ్యెను. ఆ పని ముగియకముందే, 1861 డిసెంబరు మాసమున, యాబదియైదేండ్ల వయస్సున డబ్లిన్‌లో పరమపదించెను. మరుసటి సంవత్సరముననే ఓ కర్రీయు మరణించెను. ధర్మశాస్త్ర గ్రంథముల తొలి సంపుటము వారిరువురి మరణానంతరము 1865లో వెలువడెను.

ఓ డోనవన్ శ్రమ ఆయనతో అంతరింపలేదు. 1869లో ప్యాట్రిక్ జాయిస్ ఐర్లండు స్థలనామములపై ప్రకటించిన ప్రసిద్ధగ్రంథమునకు ఆయన సేకరించిన సామగ్రియే ముఖ్యాధారము. ఐర్లండు 1922లో స్వపరిపాలన పొందిన తరువాత, ఊళ్లకు వాని గేలిక్ పేర్లను మరల నిర్ణయించు సమస్య యేర్పడెను. అందులకై 1946లో ఒక స్థలనామ సంఘము నియమింపబడెను. ఆ సంఘమువారు పరిశీలించిన ఆధారములలో, నూరేండ్లకు పూర్వము ఓ డోనవన్ వ్రాసిన పేర్ల పుస్తకములు ముఖ్యమైనవి. పటముల కెక్కని అక్షరములు అప్పుడు వెలుగులోనికి వచ్చెను. నేడు ఆ దేశమున రహదారుల ప్రక్కనున్న ఫలకములపై ఆంగ్లరూపముతోపాటు గేలిక్ రూపమును గూడ ప్రయాణికులు చదువుచున్నారు.

రాజులు తమ పేర్లు నిలుచుటకై శాసనములు చెక్కించిరి. ఓ డోనవన్ సామాన్యుల పల్లెల పేర్లు నిలుచుటకై తన జీవితమును వ్యయపరచెను. ఆయన కోటలు జయింపలేదు, ధనము కూడబెట్టలేదు. ఒక వృద్ధుని పలుకును శ్రద్ధతో వినుట, విన్నదానిని నిజమో కాదో పరీక్షించుట, తేలినదానిని సరిగా వ్రాసియుంచుట అను మూడు పనులను ఓపికతో చేసెను. ఆ మూడు పనులవలన ఒక జాతి తన నేలను తన భాషలో మరల పిలువగలిగెను.